మరమగ్గము - సర్కారు విధానము

కొత్త యంత్రము వచ్చినప్పుడు సర్కారు దానినిగూర్చి ఎట్లు నిర్ణయించును? మన మగ్గముల చరిత్రే ఇందుకు ఉదాహరణ.

మొదట విచారణ. 1952లో నియమింపబడిన కనుంగో సంఘము చేమగ్గములను క్రమముగా మరమగ్గములుగా మార్చవలెనని 1954లో సిఫారసు చేసినది. మరుసటి యేడు కార్వే సంఘము, పని పోవువారిని తలచి, చేనేతను కాపాడవలెననినది. ఒకరు గజములు లెక్కించిరి. ఒకరు చేతులు లెక్కించిరి.

తరువాత పన్ను, చట్టము. 1953లోనే మిల్లుబట్టపై సెస్సు వేసి ఆ సొమ్ము ఖద్దరు, చేనేతలకు కేటాయించిరి. 1985 చట్టము క్రింద 22 రకములను చేమగ్గమునకే ప్రత్యేకించిరి. దానిపై వ్యాజ్యము నడచినది; 1993లో సుప్రీంకోర్టు చట్టము చెల్లునన్నది. అయినను పిమ్మట జాబితా 11కు తగ్గినది.

కడపట అమలు. మరమగ్గపు చీర చేనేత పేరుతో అమ్ముడగునంతకాలము చట్టము కాగితముననే యుండును.

సభ్యులారా, విచారణ సంఘములు చూచునది లెక్కలను. లెక్కకెక్కని మగ్గము వారి కంటబడదు. మునుపు లెక్కలవారు బొమ్మిడికి వచ్చినప్పుడు కండెలు చుట్టు మన ఆడవారిని పనివారిగా మేమే వ్రాయింపలేదు. ఆ తప్పు మాది. ఈమారు ప్రతి యింటను మగ్గమును, పనిచేయు ప్రతి చేతిని, వచ్చు కూలిని ఉన్నదున్నట్లు వ్రాయింపుడు.