అనాథ విద్యార్థికి కుల పత్రం ఎవరిస్తారు?

అనాథకు కులమేమిటన్న మాట వినడానికి ఉదాత్తంగానే ఉంటుంది. మీసేవ కౌంటరు దగ్గర మాత్రం అది చెల్లదు. కుల ధ్రువీకరణకు తండ్రి వివరాలు, ఆదాయ ధ్రువీకరణకు కుటుంబ సంపాదన అడుగుతారు. ఆ రెండు కాగితాలు లేనిదే ఫీజు రీయింబర్స్‌మెంటూ లేదు, సంక్షేమ హాస్టల్లో సీటూ లేదు. సైదాబాద్, నింబోలిఅడ్డ ప్రభుత్వ గృహాల్లోనో, పెంపుడు కుటుంబంలోనో పెరిగి, పద్దెనిమిదేళ్లు నిండగానే బయటికొచ్చే యువత చదువుకు తొలి అడ్డంకి ఇక్కడే ఎదురవుతుంది.

చట్టం వారిని పూర్తిగా మరచిపోలేదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 46వ సెక్షన్ ఇలాంటి వారికి ఆర్థిక సహాయం అందించవచ్చంటుంది. 2016 నియమాలు ఆ తోడ్పాటును 21 ఏళ్ల వరకు, అసాధారణ పరిస్థితుల్లో మరో రెండేళ్లు అనుమతిస్తాయి. 2022 మిషన్ వాత్సల్య మార్గదర్శకాల ప్రకారం ఇచ్చేది నెలకు రూ.4,000. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ కేంద్రాల పక్కన హాస్టల్లో ఒక మంచానికే అది చాలదు. చవక గది కోసం బాలాపూర్ దాకా పోవాలి. (1994లో రూ.450 పలికిన అక్కడి గణేశుడి లడ్డూ 2024లో రూ.30.01 లక్షలు పలికింది. పై లెక్కన అది అరవై రెండు మందికి ఏడాది భృతి.)

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అనాథ, నిరాశ్రయ బాలలను బీసీ-ఏ జాబితాలో చేర్చింది. మంచి ఉత్తర్వే. అయితే పదేళ్లలోపే తల్లిదండ్రులను కోల్పోయి ఉండాలి, ఆదరించే వారెవరూ ఉండకూడదు, ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలోనో అనాథాశ్రమంలోనో చేరి ఉండాలి. పదకొండో ఏట అనాథ అయిన బిడ్డ మాటేమిటి? తల్లి జైల్లోనో మానసిక వైద్యశాలలోనో ఉన్న బిడ్డ మాటేమిటి?

నన్ను అంతకన్నా కలవరపెట్టేది మరొకటుంది. మాదిగ తల్లిదండ్రులకు పుట్టినా రుజువు లేక బీసీ-ఏగా నమోదైన పిల్లవాడు ఎస్సీ రిజర్వేషన్‌ను మాత్రమే కాదు, 1989 అత్యాచారాల నిరోధక చట్టం ఇచ్చే రక్షణనూ కోల్పోతాడు. అతని పట్ల సమాజం పాటించే అంటరానితనం మాత్రం ఏ కాగితమూ అడగదు. పిల్లల విషయంలో రాసే సామాజిక దర్యాప్తు నివేదికలో కులం గడి ఉంటుంది. దానిని ఖాళీగా వదిలేసిన ఉద్యోగి తెలియకుండానే ఒక బిడ్డ రాజ్యాంగ హక్కును కొట్టేస్తున్నాడు. బిడ్డ కులాన్ని తండ్రి కులాన్ని బట్టే కాక, పెరిగిన పరిస్థితులను బట్టి కూడా విచారించి తేల్చాలని కులాంతర వివాహ సంతానం విషయంలో సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది. ఆ తర్కం వీరికెందుకు వర్తించకూడదు?

మహారాష్ట్ర 2018లో అనాథలకు విద్య, ఉద్యోగాల్లో ఒక శాతం ప్రత్యేకించింది. తెలంగాణ కనీసం పదేళ్ల షరతును ఎత్తివేయాలి, బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వునే ఆదాయ పత్రంగా అంగీకరించాలి. తహసీల్దారు విచారణ పదహారో ఏటే మొదలైతే, ఇంటర్ ముగిసేనాటికి పత్రం విద్యార్థి చేతిలో ఉంటుంది.