తాళపు నట్టు మొరాయించినప్పుడు

కారు చక్రము నాలుగు లేక ఐదు నట్లతో ఇరుసు చివరనున్న హబ్బునకు బిగింపబడి యుండునని శ్రోతలందరికిని తెలిసినదే. కొన్ని కార్లలో ఆ నట్లలో ఒకదాని తల మాత్రము తక్కినవాటివలె ఆరు పలకలుగా ఉండదు. పూవురేకులవంటి గాళ్లతోనో, వంకరలు తిరిగిన గట్లతోనో వింతగా కనబడును. దానినే తాళపు నట్టు అందురు. మెకానిక్కులు లాకింగు నట్టు అని వ్యవహరింతురు.

దీని ప్రయోజన మేమి? అల్లాయి చక్రములు విలువ గలవి. మామూలు నట్టును 17, 19 లేక 21 మిల్లీమీటర్ల పానాతో ఎవడైనను విప్పగలడు. కావున చక్రమునకు ఒక్క నట్టునైనను వేరొక ఆకారములో చేసి, ఆ ఆకారమునకు సరిపడు చిన్న గిన్నెవంటి ఉక్కు చెవిని యజమాని చేతికిత్తురు. చెవి యొక్క ఒక కొన నట్టు గాళ్లలో కూర్చొనును. రెండవ కొనకు మామూలు పానా పట్టును. చెవి లేనివాడు చక్రమును తీయజాలడు.

చిక్కంతయు ఇచ్చటనే ఉన్నది. దొంగ నాపుటకై పెట్టిన తాళము ఒక్కొక్కప్పుడు యజమానినే ఆపివేయును. రాత్రివేళ, వాన కురియుచుండగా, తుని దాటిన పిదప జాతీయ రహదారిపై టైరు పంక్చరైన దనుకొనుడు. వెనుక సీటులో పిల్లలున్నారు. డిక్కీలో స్టెప్నీ ఉన్నది, జాకీ ఉన్నది. మూడు నట్లు ఊడినవి. నాలుగవది తాళపు నట్టు. చెవి పెట్టి త్రిప్పగా గాళ్లు చితికి చెవి జారిపోయినది. అంతట స్టెప్నీ ఉండియు లేనిదే అగును. అట్టివేళ ఏమి చేయవలెనో, అంతకన్న ముఖ్యముగా ఏమి చేయరాదో నేడు విచారింతము.

మొదట నట్టు ఏల చెడునో చూతము. ఇందుకు ముఖ్యకారణము గాలి ఒత్తిడితో పనిచేయు గన్ను. టైరు దుకాణములలో పని త్వరగా ముగియుటకై దానిని వాడుదురు. మామూలు నట్టు ఆ అదురును ఓర్చుకొనును గాని, సన్నని గాళ్లు గల తాళపు నట్టును దాని చెవియు ఓర్చుకొనలేవు. పైగా గన్నుతో బిగించిన నట్టు కావలసినదానికన్న ఎంతో గట్టిగా బిగియును. రెండవ కారణము చెవిని వంకరగా పెట్టి త్రిప్పుట. మూడవది తుప్పు. ఉక్కు నట్టును, అల్యూమినియము చేరిన అల్లాయి చక్రమును తడిలో చిరకాలము కలిసియుండిన పట్టుకొనిపోవును. విశాఖపట్నము, కాకినాడ, మచిలీపట్నము వంటి సముద్రతీర పట్టణములలో ఉప్పుగాలి చేత ఇది మరింత త్వరగా జరుగును.

నట్టు అంత మొండిగా ఉండుటకు ఒక శాస్త్రకారణము కలదు. అది తెలిసినచో తరువాతి ఉపాయములన్నియు సులభముగా బోధపడును. నట్టును బిగించుకొలది లోపలి ఉక్కు స్టడ్డు రవంత సాగును. సాగిన రబ్బరువలె అది మరల కుదించుకొనుటకు ప్రయత్నించుచు, చక్రమును హబ్బునకు అదిమి పట్టును. ఒక మీటరు పొడవు గల పానా చివర పది కిలోల బరువు వ్రేలాడదీసినంత బలముతో, అనగా సుమారు 100 న్యూటను-మీటర్ల బలముతో, 12 మిల్లీమీటర్ల స్టడ్డుపై నట్టును బిగించితి మనుకొనుడు. ఆ స్టడ్డులో పుట్టు లాగుడు ఇంచుమించు నాలుగు టన్నుల బరువునకు సమానము! నాలుగు నట్లు కలిసి పదునారు టన్నుల బలముతో చక్రమును పట్టియుంచును.

అయితే మనము పెట్టిన శ్రమ యంతయు ఈ లాగుడునకు పోదు. నూటికి సుమారు ఏబది పాళ్లు నట్టు అడుగుభాగము చక్రముతో ఒరసికొనుటలోను, నలుబది పాళ్లు మరల లోపలి ఒరపిడిలోను వ్యయమగును. నిజముగా స్టడ్డును సాగదీయునది పది పాళ్లు మాత్రమే. విప్పునపుడు మనము ముఖ్యముగా జయింపవలసినది ఈ ఒరపిడినే. కావున మార్గములు మూడు: ఒరపిడిని తగ్గించుట; చెడిన తలపై క్రొత్త పట్టు సంపాదించుట; రెండును కానిచో తలనే తొలగించి లాగుడును విడిపించుట.

పనికి పూనుకొనుటకు ముందు కొన్ని జాగ్రత్తలు. కారు గట్టి సమతలముపై ఉండవలెను. హాండ్‌బ్రేకు వేసి, గేరులో ఉంచి, ఎదుటి చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. నట్టును వదులు చేయుట చక్రము నేలపై ఉన్నప్పుడే జరుగవలెను. జాకీపై లేపిన కారును బలముగా కుదుపుట ప్రాణాపాయము. కంటికి అద్దములు తప్పనిసరి, ఏలయన సుత్తి దెబ్బకు ఉక్కు పెళ్లలు ఎగురును. మరియొక సంగతి: తాళపు నట్టును తక్కిన నట్లు బిగువుగా ఉన్నప్పుడే ముందుగా వదులు చేయవలెను. తక్కినవాటిని ముందు తీసివేసినచో భారమంతయు దీనిపై పడి మరింత బిగిసికొనును. కనుక ముందే తీసియున్నచో వాటిని మరల బిగించి పిదప దీని సంగతి చూడవలెను.

ఇక మొదటి మార్గము. గాళ్లలోని మట్టిని సూదితోను, తీగె బ్రష్షుతోను శుభ్రపరుపవలెను. చాలసార్లు చెవి జారుటకు కారణము గాళ్ల అరుగుదల కాదు, అడుగున పేరుకొనిన మట్టియే. పిదప తుప్పు వదలించు నూనెను నట్టు అంచు చుట్టును వేసి కనీసము పదునైదు నిమిషములు, వీలైనచో ఒక రాత్రియంతయు నాననీయవలెను. మన దుకాణములలో దొరకు డబ్ల్యూ.డీ.–40 అను నూనెను 1953లో అమెరికాలోని శాన్ డియేగో నగరమున తయారుచేసిరి. తేమను తొలగించు మందు కొరకు చేసిన నలుబదియవ ప్రయత్నము ఫలించుటచే దానికి ఆ పేరు వచ్చెను. ఏ నూనె వాడినను అది బ్రేకు డిస్కుపై గాని, బ్రేకు పాడ్లపై గాని పడరాదు. పడినచో బ్రేకు పట్టదు.

నూనె పనిచేసిన పిదప చెవిని నిటారుగా పెట్టి, సుత్తితో రెండు మూడు దెబ్బలు కొట్టి అడుగంట కూర్చుండబెట్టవలెను. పొడవైన పానాను తగిలించి, ఒక చేతితో చెవిని లోపలికి అదిమి పట్టుచు, రెండవ చేతితో నిలకడగా బలము ప్రయోగింపవలెను. కుదుపు పనికిరాదు. వెంట్రుకవాసి బిగించు దిక్కునకు త్రిప్పి, పిదప ఎడమకు త్రిప్పినచో తుప్పు పట్టు విడివడుట కద్దు.

చెవియే అరిగినదైనచో, లేక పోయినచో, క్రొత్త చెవి దొరకును. చెవిపైన గాని, దానితో వచ్చిన కాగితముపైన గాని ఒక సంకేతసంఖ్య ఉండును. దానిని కారు కంపెనీ విక్రేతకు చూపి క్రొత్తది తెప్పించుకొనవచ్చును. ఆయా కంపెనీల సర్వీసు కేంద్రములలో తమ కార్లకు సరిపడు చెవుల పెట్టె కూడ ఉండుట కలదు.

రెండవ మార్గము, నట్టు గాళ్లు పూర్తిగా చితికినప్పుడు. నట్టు తలకన్న రవంత చిన్నదైన పండ్రెండు పలకల సాకెట్టును తలపై పెట్టి బరువైన సుత్తితో నిటారుగా కొట్టి దిగగొట్టుదురు. అది తలను కరచి పట్టుకొన్న తరువాత పొడవైన పానాతో త్రిప్పుదురు. ఆ సాకెట్టు మరల పనికిరాదు గనుక చవుకదియే చాలును. ఇంతకన్న మేలైనది ఎక్స్‌ట్రాక్టరు సాకెట్టు. దీని లోపల ఎడమవాటుగా మెలితిరిగిన పదునైన గట్లుండును. ఎడమకు త్రిప్పుకొలది అవి నట్టులోనికి దిగి మరింత గట్టిగా పట్టుకొనును. కొన్ని తాళపు నట్లకు వెలుపల విడిగా తిరుగు ఉంగర ముండును. దానిని పట్టుకొన్నచో ఉంగరమే తిరుగును గాని నట్టు కదలదు. ముందు ఆ ఉంగరమును తొలగింపవలెను.

సుత్తి దెబ్బలకు హద్దుండవలెను. ప్రతి దెబ్బయు హబ్బులోని బేరింగునకు తగులును. దెబ్బలు ఎక్కువైనచో బేరింగు గుండ్ల దారిలో సొట్టలు పడి, కొన్నాళ్లకు చక్రము హోరుమని మ్రోగును. నాలుగైదు గట్టి దెబ్బలతో సాకెట్టు దిగనిచో ఆ ప్రయత్నము మానుటయే మేలు.

మూడవ మార్గము డ్రిల్లుతో తొలుచుట. ఇది వర్కుషాపు పని. తాళపు నట్టు ఉక్కు గట్టిగా పదును పెట్టినదై యుండును. మామూలు డ్రిల్లు మొన దానిపై జారి అరిగిపోవును. కార్బైడు మొనతోనో, కోబాల్టు కలిసిన మొనతోనో, తక్కువ వేగముతో, నూనె వేయుచు తొలువవలెను. ఇచ్చట ఒక భేదము గమనింపదగినది. మారుతి మొదలైన కార్లలో హబ్బునుండి స్టడ్డు బయటికి వచ్చి, దానిపై నట్టు ఎక్కును. వోక్స్‌వాగన్, స్కోడా వంటి ఐరోపా కార్లలో స్టడ్డుండదు. బోల్టే నేరుగా హబ్బులోనికి బిగియును. బోల్టు తలను తొలిచి వేరుచేసిన తక్షణమే ఆ నాలుగు టన్నుల లాగుడు మాయమగును. చక్రమును తీసివేసిన పిదప మిగిలిన ముక్కను పట్టకారుతో, ఒక్కొక్కప్పుడు వ్రేళ్లతోనే త్రిప్పి తీయవచ్చును. నట్టు విషయములో దాని గోడను తొలిచి చీల్చవలెను. స్టడ్డు చెడినను భయములేదు. దానిని హబ్బునుండి వెనుకకు కొట్టివేసి క్రొత్తది ఎక్కింపవచ్చును.

ఇక చేయరానిది. నట్టును వదులు చేయుటకై గాలి నిండిన టైరు గల చక్రముపై గ్యాసు మంట పెట్టరాదు. వేడికి టైరు లోపలి గాలి ఒత్తిడి పెరుగుటయే కాక, రబ్బరు కమిలి మండు వాయువులు పుట్టి టైరు బాంబువలె పేలగలదు. అట్టి ప్రేలుళ్లలో మనుష్యులు మరణించిరి. అంతేకాక వేడిచేత అల్లాయి చక్రము తన బలమును కోల్పోవును. పైకి ఏమియు కనబడదు గాని మరియొకనాడు గుంటలో పడి పగులవచ్చును. చెడిన నట్టుపై వేరొక నట్టును వెల్డింగుతో అతికించి త్రిప్పు పద్ధతి యొకటి వర్కుషాపులలో కలదు. దాని విషయమునను ఈ హెచ్చరికయే వర్తించును.

మరి దారిలో చిక్కుకొన్నవారి గతి యేమి? నేటి కార్లలో పెక్కింటికి ట్యూబులేని టైర్లున్నవి. మేకు గ్రుచ్చుకొని నడిమిభాగమున చిన్న రంధ్రము పడినచో చక్రమును తీయకయే జిగురు పట్టించిన పట్టీని దూర్చి, గాలి నింపి, మెల్లగా ఇల్లు చేరవచ్చును. ఈ సరంజామాయు చిన్న గాలిపంపును డిక్కీలో ఉంచుకొనుట మంచిది. టైరు ప్రక్క చీలినచో ఈ ఉపాయము చెల్లదు. కారును బండిపై ఎక్కించి తీసికొనిపోవుటయే దిక్కు.

నట్టు ఊడిన తరువాత దాని స్థానమున వేయు నట్టు మరలలోనే గాక అడుగుభాగమునను సరిపోవలెను. కొన్ని చక్రములకు శంకువువలె వాలుగల నట్లును, కొన్నిటికి గుండ్రని అడుగు గల నట్లును కావలెను. ఒకదానికి బదులు మరియొకటి వేసిన చక్రము సరిగా కూర్చొనక దారిలో వదులగును. క్రొత్త నట్టును మొదట వ్రేళ్లతో ఎక్కించి, పిదప ఎదురెదురు నట్లను వరుసగా బిగించుచు, కడపట టార్కు పానాతో కంపెనీ పుస్తకములో చెప్పిన కొలతకు బిగింపవలెను. చాల చిన్న కార్లకు ఆ కొలత 85 మొదలు 120 న్యూటను-మీటర్ల నడుమ ఉండును. మరలకు నూనె పూయరాదు. పూసినచో ఒరపిడి తగ్గి, అదే కొలతకు స్టడ్డు మితిమీరి సాగును. ఏబది నుండి నూరు కిలోమీటర్లు నడిచిన పిదప బిగువును మరల పరీక్షింపవలెను.

ఒక నట్టు చెడినచో తక్కిన మూడు చక్రముల తాళపు నట్లును అదే స్థితికి చేరువలో ఉన్నవని గ్రహింపవలెను; చెవి ఇంకను పట్టుచుండగనే వాటిని విప్పి చూచుట వివేకము. టైర్లు మార్పించునపుడు తాళపు నట్టునకు గన్ను వాడవలదని పనివానితో ముందుగనే మర్యాదగా చెప్పుడు. పని ముగిసిన తరువాత చెవిని అడిగి తీసికొనుడు. చెవులు పోవుట చాలవరకు అచ్చటనే జరుగును. ఏటేట వర్షాకాలమునకు ముందు ఒక ఆదివారమునాడు ఇంటి ముంగిట, పగటి వెలుతురులో, నాలుగు తాళపు నట్లను ఒకసారి విప్పి బిగించుకొన్నచో, నడిరాత్రి నడిదారిలో వాటితో పెనుగులాడవలసిన అవసరము చాలవరకు తప్పును.