ముట్లుడిగిన వయసులో జీవితబీమా: స్త్రీలు దాచకూడని సంగతులు

స్త్రీలలో రజస్సు 12వ ఏట మొదలై 50వ ఏట క్షీణించునని సుశ్రుతాచార్యులు చెప్పియున్నారు. నేడు మన దేశపు స్త్రీలలో చాలామందికి 46, 47 ఏండ్లకే ఈ మార్పు వచ్చుచున్నది. దీనినే రజోనివృత్తి అంటాము. పల్లెల్లో ముట్లుడుగుట అంటారు. ఇది వయసు యొక్క ధర్మమే గాని వ్యాధి కాదు. వాతం ప్రబలే కాలం సమీపించినది కనుక నిద్ర తగ్గుట, కీళ్ళు పట్టుట, ముఖానికి వేడి ఆవిర్లు వచ్చుట, గుండెదడ, అకారణమైన చిరాకు కలుగుతాయి. వీటికి మన ఇండ్లలోనే తగిన ఉపచారాలు ఉన్నవి. వాటిని గురించి ఈ పత్రికలో పలుమార్లు చదివియే ఉంటారు.

ఈ వ్యాసం ఉద్దేశం వేరు. సరిగా ఈ వయసులోనే స్త్రీకి జీవితబీమా ఆలోచన వచ్చుట మేము తరచుగా చూస్తున్నాము. పిల్లల చదువులు ముగియవు, ఇంటి అప్పు తీరదు, భర్తకు పదవీ విరమణ దగ్గరపడుతుంది. "ముట్లుడిగిన తరువాత మాకు బీమా ఇస్తారా అండీ?" అని వైద్యుని అడుగుతారు. ఏజెంటు ముందు ఇట్టి మాట ఎత్తుటకు వారికి సంకోచం. ఇస్తారనియే సమాధానం. ముట్లుడుగుట అనే ఒక్క కారణంతో దరఖాస్తును త్రోసిపుచ్చరు. పైగా టర్మ్ పాలసీలలో అదే వయసు పురుషుని కంటే స్త్రీకి ప్రీమియం సాధారణంగా తక్కువగానే ఉంటుంది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత జీవితబీమా ప్రీమియంపై జి.ఎస్.టి. కూడా లేదు. అంతకు పూర్వం టర్మ్ పాలసీలకు అది 18 శాతం ఉండేది.

అయితే చిక్కు ఎక్కడ? స్త్రీ తన శరీరంలో జరిగిన కొన్ని సంగతులను రోగాలుగా లెక్కించదు. లెక్కించదు కనుక ఫారంలో వ్రాయదు. ఆమె పోయిన తరువాత ఆ వ్రాయని సంగతియే కుటుంబం ముందు వచ్చి నిలుచుంటుంది.

గర్భసంచి సంగతి

ఇందులో మొదటిది గర్భసంచి తీయించుకొనుట. మన తెలుగునాట ఇది ఎంత సాధారణమైపోయినదో వైద్యులందరికీ తెలుసు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశం మొత్తం మీద 3.2 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, తెలంగాణలో 7.7 శాతం. తెల్లబట్ట అయినదని, అధిక రక్తస్రావమని, మరి కొన్నిచోట్ల "పిల్లలు పుట్టేశారు, ఇంకెందుకు" అని 30, 35 ఏండ్లకే తీసివేసిన వారిని మేము ఎందరినో చూచితిమి. ఇది అవసరం లేని చోట జరిగిన అన్యాయమనియే మా అభిప్రాయం. కాని జరిగిన తరువాత దానిని కాగితం మీద పెట్టక తప్పదు.

"మీకు ఎప్పుడైనా ఆపరేషను జరిగినదా?" అని ప్రపోజల్ ఫారంలో ప్రశ్న ఉంటుంది. స్త్రీలకు ప్రత్యేకంగా గర్భాశయం, అండాశయాలు, రొమ్ములకు సంబంధించిన ప్రశ్నలు కూడా ఉంటాయి. 12 ఏండ్ల క్రిందటి మాట, ఇప్పుడు ఆరోగ్యంగానే ఉన్నాను అని ఆమె తలచుతుంది. ఏజెంటు అన్నిటికీ "లేదు" అని వ్రాసుకొనిపోతాడు. ఏజెంట్లందరూ అట్టివారని కాదు. ఓపికగా చదివి వినిపించేవారూ కలరు. ఎవరు వ్రాసినా క్రింద సంతకం చేసినది ఆమెయే కనుక, ఆ సమాధానాలన్నీ ఆమెవే అవుతాయి.

బీమా సంస్థకు గర్భసంచి లేకపోవుట పెద్ద అభ్యంతరం కాదు. వారు తెలుసుకోగోరేది మూడు విషయాలు: ఎందుకు తీశారు, తీసిన భాగాన్ని పరీక్షకు పంపితే ఏమి వచ్చినది, అండాశయాలు ఉంచారా తీశారా. మామూలు ఫైబ్రాయిడ్ గడ్డ అని బయాప్సీ రిపోర్టు ఉంటే సామాన్యంగా అక్కడితో ఆ విచారణ ముగుస్తుంది. మూడవ ప్రశ్నకు మాత్రం మన స్త్రీలలో పలువురు జవాబు చెప్పలేరు. అండాశయాలు చిన్న వయసులోనే తీసివేసిన చోట గుండెజబ్బు, ఎముకల బలహీనత వచ్చే అవకాశం పెరుగుతుంది; ఉంచినప్పటికీ రజోనివృత్తి కొన్నేండ్లు ముందుగా రావచ్చును. బీమా కోసం కాకపోయినా తన వైద్యం కోసమైనా ప్రతి స్త్రీ దీనిని తెలిసికొని ఉండవలెను.

పాత కాగితాలు లేవు, ఆ ఆసుపత్రియే మూతపడినది అనేవారు ఉన్నారు. అట్టివారు స్త్రీవైద్య నిపుణురాలి వద్ద పొత్తికడుపు స్కానింగు చేయించుకొని, ఇప్పటి స్థితిని తెలిపే ధ్రువపత్రం తీసికొనవలెను. ఫారంలో ఆపరేషను జరిగిన సంవత్సరం సుమారుగానైనా వ్రాసి, కాగితాలు దొరకలేదని స్పష్టంగా తెలుపవలెను.

రెండవది ఇంతకంటే ముఖ్యం. 12 నెలలపాటు ముట్టు లేకుండా ఉండి మరల రక్తం కనబడితే, అది చుక్క అయినా సరే, "వేడి చేసినది" అని సరిపెట్టుకొనరాదు. ఎక్కువమందిలో లోపలి పొర పలుచబడుట వంటి చిన్న కారణమే ఉంటుంది. కొందరిలో గర్భాశయ క్యాన్సరు మొదటి చిహ్నం అదే. ఇట్టి స్థితిలో దరఖాస్తు పెడితే, కారణం తేలేవరకు బీమా సంస్థ వాయిదా వేస్తుంది. దరఖాస్తు కోసం రక్తస్రావాన్ని దాచేవారు పోగొట్టుకొనేది పాలసీ ఒక్కటే కాదు. ముందు పరీక్ష, తరువాతనే ఫారం.

వైద్యపరీక్షకు పోయేముందు

"పది రోజుల్లో చక్కెర తగ్గే మందు ఇవ్వండి, బీమా డాక్టరు పరీక్ష ఉన్నది" అని అడుగుతూ వచ్చేవారు మాకు కొత్త కాదు. కాకర రసం, మెంతుల పొడి పది రోజులు మ్రింగి పరగడుపు చక్కెరను కొద్దిగా దించవచ్చునేమో. కాని ఇప్పుడు హెచ్‌బిఎ1సి అనే పరీక్ష సామాన్యమైనది. అది సుమారు గత 3 నెలల సగటును తెలుపుతుంది. పది రోజుల పథ్యానికి అది లొంగదు. ఇట్టి పనికి మందు ఇవ్వమని మేము చెప్పి పంపివేస్తాము. మెంతులు మంచివి, ఏడాది పొడుగునా తినండి, పరీక్ష కోసం తినకండి.

ఇక్కడ ఒక సూక్ష్మం ఉన్నది. ముట్లుడిగే ముందు రెండు మూడేండ్లు అధిక రక్తస్రావమై, ఇనుము తగ్గి, రక్తహీనత కలిగిన స్త్రీలలో ఈ హెచ్‌బిఎ1సి ఉన్నదానికంటే ఎక్కువగా చూపవచ్చును. అట్టివారు ముందు రక్తం పెరిగే చికిత్స తీసికొని, కొన్ని మాసాల తరువాత పరీక్షకు పోవుట మేలు. ఉసిరి, నల్లనువ్వులు బెల్లం, మునగాకు, తోటకూర మంచి ఆహారమే. కాని హిమోగ్లోబిన్ బాగా పడిపోయినచోట వీటితోనే సరిపెట్టరాదు. ఇనుము ఔషధరూపంలో అవసరం.

ఈ వయసులో ముట్టు ఎప్పుడు వస్తుందో తెలియదు. రక్తస్రావం ఉన్న రోజుల్లో మూత్రం ఇస్తే అందులో రక్తకణాలు కనబడి, మూత్రపిండాల జబ్బేమోనని అనుమానం కలుగుతుంది. సిగ్గుపడక ఆ మాట చెప్పి, నాలుగైదు రోజులు ఆగి ఇవ్వవలెను.

రజోనివృత్తి తరువాత చెడ్డ కొలెస్ట్రాల్ కొంత పెరుగుట సహజం. రక్తపోటు కూడా చాలామందికి ఈ కాలంలోనే బయటపడుతుంది. బీమావారు అసలు తూచేది వీటినే: రక్తపోటు, చక్కెర, కొవ్వు, బరువు, గుండె చిత్రపటం. ఇవి హద్దుల్లో ఉంటే ముట్లుడిగినదా లేదా అనేది వారికి ముఖ్యం కాదు. కొంచెం హద్దు దాటితే అదనపు ప్రీమియం అడుగుతారు. అదనపు ప్రీమియం చెల్లించుటకు నొచ్చుకొని నిజం దాచుట కంటే, ఆ డబ్బు కట్టుటయే లాభం.

పరీక్షకు ముందటి రాత్రి సుఖంగా నిద్రించవలెను. పోయే ముందు కాఫీ వలదు. రెండు మూడు రోజులు ఊరగాయలు, అప్పడాలు తగ్గించవలెను. మరొక మాట. మంటకు, గొంతుకు, వేడి ఆవిర్లకు అతిమధురం మంచిదని విని నెలల తరబడి పాలలో వేసికొని త్రాగేవారు ఉన్నారు. అతిమధురం ఎక్కువకాలం వాడితే రక్తపోటు పెరుగుతుంది, శరీరంలో పొటాషియం తగ్గుతుంది. రక్తపోటు ఉన్నవారు దానిని మానవలెను. ఆవిర్లకు రాత్రి నానబెట్టిన ధనియాల నీరు, పల్లెల్లో పిల్లిపీచర అనే శతావరి వాడుకలో ఉన్నవే. రొమ్ము క్యాన్సరు చికిత్స పొందినవారు మాత్రం శతావరి వంటివి తమ వైద్యుని అడుగకుండా వాడరాదు.

"ఆకుల మందే కదా, వ్రాయనక్కరలేదు" అనుకొనుట కూడ పొరపాటు. ఆయుర్వేద ఔషధమైనా, హోమియో అయినా, ఏ కారణానికి ఎన్నాళ్లు వాడినారో ఫారంలో వ్రాయవలెను. తయారీ తెలియని పొడులు, రసౌషధాలు వాడినవారికి రక్తపరీక్షలో కాలేయపు లెక్కలు తేడాగా వచ్చుటయు కలదు.

ఇంగ్లీషు మందులలో ఒక చిక్కు ఉన్నది. వేడి ఆవిర్లకు కొందరు డాక్టర్లు వెన్లాఫాక్సిన్, పారాక్సెటిన్, గాబాపెంటిన్ వంటి మాత్రలు ఇస్తారు. మొదటి రెండు మానసిక వ్యాకులతకు, మూడవది మూర్ఛకు వాడేవిగా ప్రసిద్ధం. చీటీ చూచిన బీమా అధికారి వ్యాధిని మరొకటిగా ఊహించుటలో ఆశ్చర్యం లేదు. "రజోనివృత్తి లక్షణాలకై ఇవ్వబడినది" అని ఒక వాక్యం డాక్టరుచేత చీటీ మీదనే వ్రాయించుకొనవలెను. నిజంగానే వ్యాకులతకు ఇచ్చియుంటే అదియే వ్రాయవలెను. దానిలో సిగ్గు ఏమున్నది?

చట్టం ఏమంటున్నది

1938 నాటి బీమా చట్టంలోని 45వ సెక్షను 2015లో సవరింపబడినది. పాలసీ ఇచ్చిన నాటి నుండి 3 సంవత్సరాలు గడిచిన తరువాత ఏ కారణం చేతనూ దానిని ప్రశ్నించరాదు. ఆ మూడేండ్లలోగా మాత్రం, ముఖ్యమైన సంగతి దాచినారని చూపి సొమ్ము నిరాకరించవచ్చును. మోసం లేక కేవలం తప్పు సమాధానం అయితే కట్టిన ప్రీమియంలు 90 రోజుల్లో తిరిగి ఇవ్వవలెను. ఆ సంగతి తెలిసియుంటే పాలసీ ఇచ్చియుండేవారము కాదని నిరూపించే భారం సంస్థదే.

ఇందులో చాలామంది గమనించనిది ఒకటి ఉన్నది. ప్రీమియం కట్టక పాలసీ ఆగిపోయి మరల పునరుద్ధరిస్తే, ఆ 3 సంవత్సరాలు పునరుద్ధరణ నాటి నుండి కొత్తగా లెక్కింపబడతాయి. అప్పుడు అడిగే ఆరోగ్య ప్రకటనలో నడుమ కాలంలో తేలిన గడ్డ, థైరాయిడ్, రక్తపోటు అన్నీ వ్రాయవలెను. గడువు దాటిన తరువాత నెలవారీ చెల్లింపులకు 15 రోజులు, తక్కినవాటికి 30 రోజులు వ్యవధి ఉంటుంది. ఆ లోపలనే కట్టివేయుట ఉత్తమం.

గుంటూరు జిల్లాలో మాకు తెలిసిన ఒక కుటుంబంలో తల్లి 47వ ఏట పాలసీ తీసికొని, 49వ ఏట గుండెపోటుతో మరణించినది. 34వ ఏట జరిగిన గర్భసంచి ఆపరేషను ఫారంలో లేదు. సంస్థ దానిని చూపి సొమ్ము నిరాకరించినది. గుండెపోటుకూ ఆ ఆపరేషనుకూ సంబంధం ఏమని కుటుంబం వాదించినది. చివరకు సొమ్ము వచ్చినది. కాని ఏడాదిన్నర పట్టినది. ఆ ఏడాదిన్నరలోనే కూతురి కళాశాల ఫీజుకు ఆమె భర్త పొలం తనఖా పెట్టెను.

పాలసీ చేతికి వచ్చిన వెంటనే దానితో జతపరచిన ప్రపోజల్ ఫారం నకలును ఇంటిలో చదువు వచ్చినవారిచేత చదివించుకొనవలెను. తప్పు ఉంటే వ్రాతపూర్వకంగా సంస్థకు తెలుపవలెను. నచ్చకపోతే 30 రోజుల్లోగా తిప్పి పంపే హక్కు ఉన్నది. ఇతర పాలసీలు ఉంటే అవి కూడ ఫారంలో వ్రాయవలెను. వాటిని దాచినందుకే క్లెయిము నిరాకరించుట సరియేనని సుప్రీంకోర్టు 2019లో ఒక కేసులో తీర్పు చెప్పినది. పెండ్లి అయిన స్త్రీ భర్తతో నిమిత్తం లేకుండా తన పేర పాలసీ తీసికొనవచ్చునని 1874 నాటి చట్టమే చెప్పుచున్నది. సంపాదన లేని గృహిణికి మాత్రం ఎంత మొత్తం ఇవ్వవలెనో అనేక సంస్థలు భర్త ఆదాయాన్ని బట్టి నిర్ణయిస్తాయి.

పెద్ద పాలసీ కట్టలేనివారు 50 ఏండ్లు నిండకమునుపే బ్యాంకు లేదా పోస్టాఫీసు ఖాతా ద్వారా ప్రధానమంత్రి జీవనజ్యోతి బీమాలో చేరవచ్చును. 2022 జూన్ నుండి ఏడాదికి 436 రూపాయలు. 2 లక్షల బీమా. 50 లోపల చేరి మానకుండా కట్టినవారికి 55 ఏండ్ల వరకు సాగుతుంది. చేరిన మొదటి 30 రోజుల్లో ప్రమాదం వలన కాని మరణానికి సొమ్ము రాదు. 50 దాటిన తరువాత క్రొత్తగా చేర్చుకొనరు గనుక 48, 49 ఏండ్లవారు జాగు చేయరాదు.

క్లెయిము నిరాకరించినప్పుడు ముందుగా ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవలెను. ఒక మాసంలోగా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చును. ఉభయ రాష్ట్రాలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉన్నది. సంస్థ త్రోసిపుచ్చిన నాటి నుండి ఏడాదిలోగా పోవలెను. 50 లక్షల రూపాయల వరకు వివాదాలను వారు విచారిస్తారు. రుసుము లేదు, న్యాయవాదిని పెట్టుకొనవలసిన పనియూ లేదు.