డ్రమ్మర్ లీడర్ అయితే ఏం చేస్తాడు? బిల్లీ కోబమ్ 'స్పెక్ట్రమ్' కథ

ఈ రోజు ఎపిసోడ్ డ్రమ్స్ గురించి. ముందు ఒక చిన్న రిక్వెస్ట్: ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. ఎందుకో తర్వాత చెప్తాను.

మాది టెక్కలి. మా వైపు తప్పెటగుళ్ళలో గుండెకి తప్పెట కట్టుకున్నవాళ్లే పాడతారు, వాళ్లే ఆడతారు. అదే ఆర్కెస్ట్రా అయితే, పలాసలోనైనా న్యూయార్క్‌లోనైనా డ్రమ్మర్ సీటు వెనకే. మరి ఆ వెనక కూర్చున్నవాడు "ఈ బ్యాండ్ నాది" అంటే?

1973లో బిల్లీ కోబమ్ అదే చేశాడు. పుట్టింది పనామాలో, పెరిగింది న్యూయార్క్‌లో. అప్పటికి మహావిష్ణు ఆర్కెస్ట్రాలో డ్రమ్మర్. పేరు చూసి మనవాళ్ల బ్యాండ్ అనుకునేరు! అది ఇంగ్లండ్ గిటారిస్ట్ జాన్ మెక్‌లాక్లిన్‌ది. మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్ తర్వాత 'రిమెంబర్ శక్తి'లో వాయించింది ఆయనతోనే. వాళ్లది ఫ్యూజన్. అంటే జాజ్‌లో అప్పటికప్పుడు అల్లుకునే స్వేచ్ఛ, రాక్‌లో ఉండే ఎలక్ట్రిక్ గిటార్ హోరు, రెండూ కలిపిన సంగీతం.

లీడర్‌గా కోబమ్ మొదటి ఆల్బమ్ 'స్పెక్ట్రమ్'. ట్యూన్లు అతనివే. ఎలక్ట్రిక్ లేడీ స్టూడియోలో మే 14 నుంచి 16 వరకు, మూడే రోజుల్లో రికార్డింగ్. మూడో రోజు అతని 29వ పుట్టినరోజు. కీబోర్డ్ మీద యాన్ హ్యామర్, బేస్ గిటార్ లీ స్క్లార్. లీడ్ గిటార్ టామీ బోలిన్, వయసు 21. ఆల్బమ్ బిల్‌బోర్డ్ జాజ్ చార్ట్‌లో నంబర్ వన్ అయింది.

ఇప్పుడు 'స్ట్రాటస్' అనే ట్రాక్ పెట్టండి. మొదటి మూడు నిమిషాలు దాదాపు డ్రమ్స్‌దే రాజ్యం. తర్వాత బేస్ గిటార్ ఒకే చిన్న ముక్కని తిప్పి తిప్పి వాయించడం మొదలెడుతుంది. ఫోన్ స్పీకర్‌లో అది సరిగ్గా వినపడదు, అందుకే ఇయర్‌ఫోన్స్ అన్నాను. అక్కడ కోబమ్‌ని గమనించండి. అంత స్పీడు ఉన్నవాడు బీట్‌ని కుదురుగా పట్టుకుని కూర్చుంటాడు. దాని మీద బోలిన్ గిటార్ చెలరేగిపోతుంది. ఆల్బమ్ కవర్ మీద పేరు కోబమ్‌ది, పాటలో చోటు 21 ఏళ్ల కుర్రాడిది. 1991లో మాసివ్ అటాక్ 'సేఫ్ ఫ్రమ్ హార్మ్' పాటకి తీసుకున్నది ఈ ట్రాక్‌లోని గ్రూవ్‌నే.

ఇది నాకెందుకు గుచ్చుకుందో చెప్తాను. బీటెక్ చేసి, సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి ఛానల్ పెట్టిన కొత్తలో ఉద్దానంలో ఒక తప్పెటగుళ్ళ తాతని ఇంటర్వ్యూ చేశాను. ఎడిటింగ్‌లో చూస్తే పన్నెండు నిమిషాల వీడియోలో ఆయన మాట నాలుగు నిమిషాలే. మిగతాదంతా నేనే! ఆయన పాట అందుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డంగా అడిగేశాను.

మొన్న మళ్లీ వెళ్లాను. తాతకి కిడ్నీ జబ్బు, వారానికి మూడు రోజులు డయాలసిస్. "ఇప్పుడు తప్పెట ఎత్తే ఓపిక లేదు బాబూ, మాట్లాడతానంతే" అన్నారు. సరే తాతా అని కెమెరా ఆన్ చేసి, నోరు మూసుకుని కూర్చున్నాను.

ఆ వీడియో వచ్చే ఎపిసోడ్. అందులో నా గొంతు పెద్దగా వినపడదు. ఈలోగా 'స్ట్రాటస్' వినండి, బేస్ ఎక్కడ మొదలైందో కామెంట్‌లో టైమ్ పెట్టండి. ఉంటాను మరి!