ఇప్పపూల వేళ పదో తరగతి

ఫాల్గుణం వచ్చిందంటే ఖమ్మం, భద్రాచలం అడవి అంచున ఏ ఇంట్లోనూ ఎవరికీ తీరిక ఉండదు. చేలో మిర్చి కోతకొచ్చి ఉంటుంది. అడవిలో తునికి కొమ్మ కొట్టే రోజులు. ఇప్పచెట్టు ఆకు రాల్చి మొగ్గ వేస్తుంది. పెళ్లిళ్లు, ఊరి కొలుపులు, హోలీ, ఉగాది వరసగా వచ్చి పడతాయి. చివర్న సీతారాముల కల్యాణం. ఇన్ని పనులున్న ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల కూడా ఒకతి ఉంటే ఆ రెండు నెలలు ఇల్లు ఎలా నడుస్తుందన్నది నిదానంగా చూడదగ్గ సంగతి. సర్కారు లెక్కల్లో ఆ పిల్ల ఒక హాల్‌టికెట్ నంబరు. ఇంటి లెక్కల్లో రెండు చేతులు.

ముందు పరీక్ష సంగతి. తెలంగాణలో ఒకప్పుడు పదో తరగతికి 11 పేపర్లుండేవి. కరోనా తర్వాత 2022 నుంచి ఆరుకు తగ్గాయి. ఆరన్నారు గానీ సైన్సును భౌతికశాస్త్రం, జీవశాస్త్రం అని రెండు రోజులకు పంచడంతో పరీక్ష రోజులు ఏడు. ఒక్కో సబ్జెక్టుకు రాతపరీక్షకు 80 మార్కులు, బడిలో వేసే ఇంటర్నల్స్‌కు 20. ఆ 20 తీసేసి మొత్తం 100కీ పరీక్ష రాయిస్తామని 2024 నవంబర్ 28న ప్రకటించారు. మర్నాడే ఆ ఏడాదికి వద్దులెమ్మన్నారు. అడవిలో ఏ చెట్టూ ఇంత తొందరగా మనసు మార్చుకోదు.

చిక్కంతా తేదీల్లో ఉంది. పరీక్షల విభాగం ఇంగ్లీషు క్యాలెండర్ చూసుకుంటుంది. పండగ చాంద్రమానాన్ని బట్టి వస్తుంది కాబట్టి ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరిగి, అధికమాసం పడ్డాక మళ్లీ వెనక్కి గెంతుతుంది. శ్రీరామనవమి 2023లో మార్చి 30న, 2024లో ఏప్రిల్ 17న, 2025లో ఏప్రిల్ 6న వచ్చింది. 2023లో పరీక్షలు ఏప్రిల్ 3న మొదలయ్యాయి. అంటే కల్యాణం అయిన నాలుగో రోజున. అడవి ఈ రెండు లెక్కల్నీ పట్టించుకోదు. ఎండ ముదిరితే పువ్వు రాలుతుంది, లేకపోతే ఆగుతుంది. ఈ మూడింటినీ కలిపి ఒక్క పంచాంగం చేసుకోవాల్సింది ఇంటి ఇల్లాలు. ఆమె బడి మెట్టు ఎక్కి ఉండకపోవచ్చు గానీ ఈ లెక్కలో మాత్రం తప్పు చేయదు.

2025 వసంతాన్నే తీసుకుందాం. మార్చి 14 హోలీ పౌర్ణమి. ఆ రోజే భద్రాచలం గుళ్లో కల్యాణం పనులు మొదలు: తలంబ్రాలు కలుపుతారు, స్వామికి డోలోత్సవం చేస్తారు. మర్నాటి నుంచి ఒంటిపూట బడులు, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండున్నర దాకా. 21న తెలుగు పేపర్‌తో పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. 22న హిందీ, 24న ఇంగ్లీషు, 26న లెక్కలు, 28, 29న సైన్సు. 30న ఉగాది, 31న రంజాన్. ఏప్రిల్ 2న సాంఘికశాస్త్రం. 6న కల్యాణం, 7న పట్టాభిషేకం. సాంఘికశాస్త్రానికి ముందు మూడు రోజుల ఖాళీ దొరికిందని బయటివాళ్లకు అనిపిస్తుంది. అందులో ఒకరోజు ఉగాది పచ్చడికి, ఒకరోజు పక్కింటి సేమ్యాకు పోయింది. పుస్తకానికి మిగిలింది ఒక్కరోజు, అదీ పండక్కి వచ్చిన చుట్టాలు లేచి వెళ్లిపోయి ఉంటే. పైగా తమ్ముడు చదివే బడి పరీక్ష కేంద్రమైతే వాడి ఒంటిపూట మధ్యాహ్నానికి మారుతుంది, ఒంటిగంట నుంచి ఐదు దాకా. అక్క వచ్చేసరికి తమ్ముడు పోతాడు. తాళంచెవి ఎవరి దగ్గరుండాలన్నది రోజూ పొద్దున తేలాల్సిన విషయం.

పరీక్ష తొమ్మిదిన్నరకు. కేంద్రం ఎక్కువగా మండల కేంద్రంలోనే ఉంటుంది. చర్ల, దుమ్ముగూడెం, గుండాల లాంటి మండలాల్లో లోపలి గూడెం నుంచి అక్కడికి చేరడమే ముందు రాయాల్సిన పేపర్. ఆడపిల్లలకు 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్‌కు డబ్బు అక్కర్లేదు. మంచి పథకం. బస్సు రాని ఊళ్లో దాన్ని ఆటోవాడికి చూపిస్తే నవ్వుతాడు.

అసలు పోటీ మాత్రం తెల్లవారుజామున. ఇప్పపువ్వు రాత్రంతా రాలుతుంది. లేత పసుపు రంగులో, కండ పట్టి, వేలికి జిగురుగా తగులుతుంది. చెట్టు దగ్గరికి పోకముందే తీపి వాసన కొడుతుంది. ఎండెక్కేలోపు ఏరుకోవాలి. ఆలస్యమైతే మేకలూ పశువులూ తినేస్తాయి. మరీ తొందరపడితే అక్కడ ఎలుగుబంటి తింటూ ఉండొచ్చు, దానికి ఇప్పపువ్వంటే ప్రాణం. అందుకే నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ పోతారు. ఏ చెట్టు ఏ ఇంటిదో ఊరందరికీ తెలుసు, పట్టా కాగితం అక్కర్లేదు. పువ్వు కనబడాలని కొందరు చెట్టు కింద ఆకు కాలుస్తారు. నిప్పు అడవిలోకి పాకుతుందని అటవీశాఖ వద్దంటుంది, వలలు కట్టుకోమంటుంది. వల లేని ఇంట్లో గొంతుకూర్చుని ఒక్కో పువ్వూ చేత్తోనే తీయాలి. అమ్మ నడుము కంటే పదిహేనేళ్ల నడుము బాగా వంగుతుంది. పైగా ఎండితే పువ్వు ముడుచుకుని, ఎర్రబారి, బరువు బాగా తగ్గిపోతుంది. అమ్మేది ఆ ఎండు బరువే. కాబట్టి ఎన్ని చేతులుంటే అంత మంచిది.

సరిగ్గా ఆ వేళే చదువుక్కూడా మంచిదని మన మాస్టర్లు తరతరాలుగా చెబుతున్నారు. చెప్పి ఊరుకోవడం లేదు కూడా. ఈ మధ్య చాలా బడుల్లో పరీక్షల ముందు టీచర్లే వేకువనే ఇళ్లకు ఫోన్ చేసి పిల్లల్ని లేపుతున్నారు. "అమ్మా, పాపని లేపారా?" అని సారు అడిగితే, "లేచింది సార్, పువ్వుకు పోయింది" అనే జవాబు ఈ పక్క ఊళ్లలో అబద్ధం కాదు, వెటకారం అసలే కాదు. పిల్ల లేచిందన్నది నిజం. సారు కోరిన పనిలో సగం జరిగినట్టే.

మిర్చిది ఇంకో తీరు. ఖమ్మం మార్కెట్‌కు పేరు తెచ్చిన తేజా రకం సన్నగా ఉంటుంది, ఘాటు ఎక్కువ. ఆదివారం ఒక్కపూట ఏరితే చాలు, సబ్బుతో కడిగినా, నూనె రాసినా ఆ మంట వేళ్లను వదలదు. సోమవారం పరీక్ష హాల్లో కూర్చున్న పిల్ల అలవాటు చొప్పున కన్ను నలుపుకుందంటే మూడు గంటల్లో పావుగంట కన్నీళ్లకు పోతుంది. ప్రశ్నాపత్రం కష్టంగా వచ్చి ఏడుస్తోందని ఇన్విజిలేటర్ అనుకుంటాడు. ఇక కల్లంలో కాయ ఎండుతున్నప్పుడు నాయన అక్కడే పడుకుంటాడు. అర్ధరాత్రి మబ్బు పట్టిందంటే ఇంటిల్లిపాదీ పట్టాలు పట్టుకుని పరిగెత్తాలి. మర్నాడు లెక్కల పేపర్ ఉందని వానకు చెప్పేదెవరు? ఏడాది పెట్టుబడి, అప్పు, రాబోయే ఇంటర్ ఫీజు అన్నీ ఆ ఎర్రటి కుప్పలోనే ఉంటాయి. పిల్లను పడుకోనివ్వమని ఆ తండ్రికి నీతి చెప్పేవాళ్లు ముందు పట్టా ఒక కొస పట్టుకోవాలి.

ఇదే చేలకు ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి గుంపులుగా కూలీలు వస్తారు. వాళ్లలోనూ ఈ వయసు పిల్లలుంటారు. వాళ్లకు హాల్‌టికెట్ బెంగ లేదు. ఇక్కడ హాస్యం ఆపాలి. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ నడుస్తుండగా, ములుగు జిల్లా మిర్చి చేల నుంచి సొంతూరికి నడిచి బయల్దేరిన 12 ఏళ్ల బీజాపూర్ పిల్ల ఇల్లు చేరకముందే చనిపోయింది. పరీక్షల హడావుడి ఉన్న ఇల్లు, ఎన్ని తిప్పలు పడుతున్నా, ఒక మెట్టు పైనున్న ఇల్లే.

తునికాకు సంగతి కొంచెమే. ఫిబ్రవరి, మార్చిల్లో కొమ్మ కొడితే నెలన్నరకు లేతాకు వస్తుంది. ఏప్రిల్ చివర నుంచి కోత; 50 ఆకులు ఒక కట్ట, 1000 కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. మామూలు ఏడాదిలో అప్పటికి పరీక్షలు అయిపోతాయి కాబట్టి గొడవ లేదు. 2022లో మాత్రం కరోనా మూలంగా పరీక్షలు మే 23 నుంచి జరిగాయి, అదీ కొత్తగూడెం ఎండల్లో. ఆ ఏడాది పదో తరగతి రాసిన పిల్లలకు అడవి అంచున ఏ పనీ తప్పలేదు.

2026 పరీక్షలకు 2025 డిసెంబర్‌లో ప్రకటించిన టైంటేబుల్‌ను మార్చి 14 నుంచి ఏప్రిల్ 16 వరకు సాగదీశారు, పేపర్‌కూ పేపర్‌కూ మధ్య నాలుగైదు రోజులు వచ్చేలా. ఒత్తిడి తగ్గుతుందని కారణం చెప్పారు. గది, బల్ల, ఫ్యాను ఉన్న పట్నం పిల్లకు తగ్గొచ్చు. అడవి అంచు ఇంట్లో నాలుగు రోజుల ఖాళీ అంటే నాలుగు తెల్లవారుజాములు. "పరీక్ష ఎల్లుండి కదవే, ఇవాళ రా" అనడానికి అమ్మకు చోటు దొరుకుతుంది. నా లెక్కలో ఈ పిల్లలకు వరసగా, గబగబా అయిపోయే పరీక్షే మేలు. ఇల్లు పది రోజులు సర్దుకోగలదు, నెల రోజులు సర్దుకోలేదు.

ఆశ్రమ పాఠశాలల పిల్లలకు ఈ బాధ తక్కువ. భద్రాచలం ఐటీడీఏ కింద నడిచే ఆ బడుల్లో తిండి, పడక, స్టడీ అవర్ ఒకే చోట ఉంటాయి. అక్కడ బెడద వేరు: కొలుపుందనో, మేనత్త కూతురి పెళ్లనో, "రెండ్రోజులు పంపండి సార్" అంటూ తండ్రి గేటు దగ్గర నిలబడతాడు. పంపితే రెండ్రోజులు వారమవుతుందని సారుకు తెలుసు. పంపకపోతే చుట్టాల్లో మాట పోతుందని తండ్రికి తెలుసు. ఇద్దరిదీ న్యాయమే. ఇంటి నుంచి వచ్చిపోయే పదో తరగతి పిల్లల్ని కూడా పరీక్షలైపోయేదాకా దగ్గరి ఆశ్రమ పాఠశాలలో ఉంచుకుంటే పెద్ద ఖర్చేం కాదు, నాలుగు చాపలు, నాలుగు కంచాలు. టైంటేబుల్ సాగదీయడం కన్నా ఇదే పనికొచ్చేది.

ఇంకో చిత్రం ఉంది. భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది, తర్వాత ఖమ్మంలో కలిసింది. 2014లో ఊరిని మాత్రం తెలంగాణకు ఉంచి, చుట్టుపక్కల పల్లెల్ని ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చారు. భద్రాచలం దాటి కాస్త పోతే ఎటపాక, అది వేరే రాష్ట్రం. 2025లో అక్కడి పదో తరగతి పరీక్షలు మార్చి 17నే మొదలయ్యాయి, ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి. తెలంగాణ ఫలితాలు ఏప్రిల్ 30న. ఊరికి అటొకరూ ఇటొకరూ ఉన్న అక్కచెల్లెళ్ల పిల్లల్లో ఒకరు పాసైన స్వీటు పంచుతుంటే, ఇంకొకరు వారం రోజులు ఆ స్వీటు మింగలేక కూర్చున్నారన్నమాట.

ఫలితాల దాకా ఆగనివాళ్లు ప్రైవేటు ఇంటర్ కాలేజీల పీఆర్వోలు. ఖమ్మం నుంచి బైకుల మీద వచ్చి, పిల్ల ఇంకా తెలుగు పేపర్ రాయకముందే సీటు రిజర్వు చేస్తామంటారు. రాయితీ కూడా ఉందంటారు, ఎంత మీద రాయితీయో మాత్రం తర్వాత చెబుతారు. అడ్వాన్సు ఇవ్వకండి. ఇంటర్ బోర్డు అడ్మిషన్ల షెడ్యూలు ప్రకటించాకే చేరికలు. సర్కారు జూనియర్ కాలేజీలు అప్పటికీ ఉంటాయి.

చివరగా చుట్టాలకు ఒక మాట. కల్యాణానికి భద్రాచలం రావాలనుకుంటే రండి, మిథిలా స్టేడియంలో అందరికీ చోటుంటుంది. కానీ పదో తరగతి పిల్ల ఉన్న ఇంట్లో దిగకండి. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే గది. ఊళ్లో సత్రాలున్నాయి. రాలేనివాళ్లకు 2025లో ఆర్టీసీ కార్గో 151 రూపాయలకు తలంబ్రాలు ఇంటికే తెచ్చిచ్చింది. తప్పదు, వచ్చి తీరాల్సిందేనంటే, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ఆ పిల్ల బదులు మీరు పువ్వుకు వెళ్లండి.