రికార్డు తిరగేస్తే

1974, లండన్‌లో ఓ స్టూడియో. చేతిలో ఉన్న సమయం మూడు గంటలు. బెంగళూరులో పుట్టి, పాటల పిచ్చితో బ్రిటన్ చేరిన బిద్దు అనే యువ నిర్మాత, జమైకాలో పుట్టిన కార్ల్ డగ్లస్ చేత 'ఐ వాంట్ టు గివ్ యూ మై ఎవ్రీథింగ్' అనే పాట పాడిస్తున్నాడు. రెండు గంటల పైచిలుకు దానికే సరిపోయింది. కాసేపు ఊపిరి పీల్చుకున్నారు. అంతలో రికార్డుకు రెండో వైపు సంగతి గుర్తొచ్చింది. దాన్ని ఖాళీగా వదిలేయలేరు కదా! నువ్వు రాసి పెట్టుకున్నవేమైనా ఉన్నాయా అని బిద్దు అడిగితే డగ్లస్ నాలుగైదు తీసి ఇచ్చాడు. కుంగ్ ఫూ మీద రాసినదాన్ని ఎంచుకుని, బిద్దు పెద్దగా ఆలోచించకుండానే బాణీ కట్టేశాడు. చివర మిగిలిన పది నిమిషాల్లో, రెండే టేకుల్లో పాట అయిపోయింది. అందులోని 'హూ', 'హా' అరుపులు కాస్త శ్రుతిమించాయంటే కారణం ఉంది. బి సైడు పాట, దాన్నెవరు వింటారులే అనుకున్నామని బిద్దు తర్వాత చెప్పుకున్నాడు.

అందరికంటే ముందు విన్నది 'పై రికార్డ్స్' అనే కంపెనీ మనిషి. ఇదే మొదటి వైపు ఉండాలని ఆయన పట్టుబట్టాడు. రేడియోలు మొదట్లో పట్టించుకోలేదు, డాన్సు క్లబ్బులు పట్టించుకున్నాయి. సెప్టెంబరుకల్లా 'కుంగ్ ఫూ ఫైటింగ్' బ్రిటన్‌లో నంబర్ వన్. డిసెంబరులో అమెరికాలోనూ అంతే. తర్వాతి కాలంలో 'కుర్బానీ' సినిమాకు నాజియా హసన్‌తో 'ఆప్ జైసా కోయీ', అలీషా చినాయ్‌తో 'మేడిన్ ఇండియా' చేసిన బిద్దు ఈయనే.

చివరి పది నిమిషాల్లో ముగించిన ఆ పాట ఊళ్లేలింది. మూడొంతుల సమయం తినేసిన పాట పేరు ఈరోజు క్విజ్‌లో అడిగినా ఎవరూ చెప్పలేరు.

ఈ తారుమారు బిద్దు ఒక్కడికే జరగలేదు. పాప్ సంగీతంలో బి సైడు చరిత్ర నిండా ఇలాంటివే.

ఏడంగుళాల సింగిల్ రికార్డును అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ 1949లో తెచ్చింది. నిమిషానికి 45 చుట్లు తిరుగుతుంది కాబట్టి దాన్ని జనం 'ఫార్టీఫైవ్' అనేవారు. వైపుకు ఒక పాట, మూడు నాలుగు నిమిషాలు. కొనేవాడు డబ్బిచ్చేది మొదటి వైపు, అంటే 'ఏ సైడు' కోసం. రేడియోకు వెళ్లేదీ, పత్రికల్లో ప్రకటన పడేదీ అదే. బ్రిటన్‌లో రేడియో వాళ్లకు పంపే నమూనా రికార్డుల లేబుల్ మీద పెద్ద 'ఏ' అక్షరం అచ్చేసి పంపేవారు, ఏ వైపు వేయాలో పొరపాటు పడకూడదని. రెండో వైపు మాత్రం మిగిలిపోయిన పాటలకు దక్కేది. ఆల్బంలో ఇమడనిదో, మాటల్లేని వాయిద్య సంగీతమో, గాయకుడు సొంతంగా రాసుకున్నదో అక్కడ చేరేది.

సొంతంగా రాసుకున్నది అనే చోట డబ్బు లెక్క ఉంది. రికార్డు అమ్మితే పాట రాసినవాళ్లకు వచ్చే రాయల్టీ రెండు వైపులకూ సమానం. జనం విన్నారా లేదా అన్నది లెక్కలోకి రాదు. 1975లో క్వీన్ బృందం 'బొహీమియన్ రాప్సడీ' విడుదల చేసినప్పుడు, రెండో వైపు డ్రమ్మర్ రోజర్ టేలర్ రాసిన 'ఐయామ్ ఇన్ లవ్ విత్ మై కార్' ఉంది. తన పాట పెట్టేదాకా బయటికి రానని టేలర్ అల్మారాలో దూరి కూర్చున్నాడని బృందంలో సరదాగా చెప్పుకుంటారు. ఆ మొండితనం వృథా పోలేదు. మొదటి వైపు బ్రిటన్‌లో తొమ్మిది వారాలు నంబర్ వన్‌గా నిలిస్తే, రికార్డు అమ్మకాల మీద ఆ పాట రాసిన ఫ్రెడీ మెర్క్యురీతో సమానంగా టేలర్‌కూ ముట్టింది. కారు మీద రాసిన పాట గురించి ఆ బృందంలో చాన్నాళ్లు గొడవ నడిచింది.

నిర్మాత ఫిల్ స్పెక్టర్ భయం వేరు. రేడియో వాళ్లు పొరపాటున కూడా రికార్డు తిరగేయకూడదు, తన ఏ సైడుకు పోటీ రాకూడదు. అందుకని రెండో వైపు స్టూడియో వాయిద్యకారులు ఏదో సరదాగా వాయించిన ముక్క పడేసేవాడు. 1963 నాటి 'బీ మై బేబీ' తిరగేస్తే వినిపించేది 'టెడెస్కో అండ్ పిట్‌మన్'. అది ఆయన దగ్గర గిటార్ వాయించే ఇద్దరి ఇంటిపేర్లు కలిపి పెట్టిన పేరు!

స్పెక్టర్ భయంలో అర్థం లేకపోలేదు. తిరగేసేవాళ్లు నిజంగానే ఉండేవారు.

1954 ఏప్రిల్ 12న న్యూయార్క్‌లో బిల్ హేలీ బృందం రికార్డింగుకు కూర్చుంది. కంపెనీ ఆశలన్నీ 'థర్టీన్ విమెన్' మీదే. సమయమంతా దానికే పోయి, ఆఖర్న హడావిడిగా రెండు టేకులు తీసిన పాట 'రాక్ అరౌండ్ ద క్లాక్'. అది బి సైడుగా వెళ్లింది, ఓ మోస్తరుగా అమ్ముడై ఊరుకుంది. ఆ తర్వాత 'బ్లాక్‌బోర్డ్ జంగిల్' అనే హాలీవుడ్ సినిమాకు టైటిల్స్‌లో వేయడానికి కుర్రకారు పాట ఒకటి కావాల్సి వచ్చింది. హీరో గ్లెన్ ఫోర్డ్ ఇంట్లో, ఆయన కొడుకు పోగేసుకున్న రికార్డుల్లో అది దొరికింది. మరుసటి ఏడు సినిమా విడుదలయ్యాక అదే పాట అమెరికాలో ఎనిమిది వారాలు అగ్రస్థానంలో కూర్చుంది. రాక్ అండ్ రోల్ ప్రపంచమంతా పాకడానికి తలుపు తీసింది ఒక పిల్లాడి దగ్గరున్న రికార్డు రెండో వైపు.

గాయని గ్లోరియా గేనర్ కథలో తిరగేసిన చేయి ఎవరిదో కూడా తెలుసు. 1978లో కంపెనీ ఆమె చేత 'సబ్‌స్టిట్యూట్' పాడించాలనుకుంది. రెండో వైపుకు నిర్మాతలు ఫ్రెడీ పెరెన్, డీనో ఫెకారిస్ తామే ఒక పాట రాసిచ్చారు. వేదిక మీద పడి, వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగి, నడుముకు పట్టీ బిగించుకుని ఉన్న గేనర్‌కు ఆ మాటలు తన గురించే రాసినట్టు తోచాయి. ఇది రెండో వైపు వేసే పాటా అని వాదించింది. కంపెనీ వినలేదు. దాంతో గేనర్ రికార్డు పట్టుకుని న్యూయార్క్‌లోని స్టూడియో 54 క్లబ్బుకు వెళ్లి, డీజే రిచీ కాజర్ చేతిలో పెట్టింది. అతను రెండో వైపు వేశాడు. మిగతా క్లబ్బులూ, తర్వాత రేడియోలూ అదే దారి పట్టాయి. 1979 మార్చికల్లా 'ఐ విల్ సర్వైవ్' అమెరికాలో నంబర్ వన్. డిస్కో పాటలకు గ్రామీ వాళ్లు ప్రత్యేకంగా ఇచ్చిన బహుమతి కూడా దానికే వచ్చింది. ఆ విభాగంలో బహుమతి ఇచ్చింది ఆ ఒక్కసారే.

రెండో వైపు పాటలన్నీ ఇలా అదృష్టం కలిసొచ్చినవే అనుకోనక్కర్లేదు. ఎవరి కన్నూ పడని చోటు కాబట్టే కొందరు అక్కడ ప్రయోగాలు చేశారు. బీటిల్స్ 1966లో 'పేపర్‌బ్యాక్ రైటర్'కు జతగా ఇచ్చిన 'రెయిన్' వినండి. వాయిద్యాలను వేగంగా వాయించి రికార్డు చేసి, టేపు వేగం తగ్గించి వేశారు. డ్రమ్ముల చప్పుడు బరువుగా, మత్తుగా ఉండటానికి కారణం అదే. చివర్లో జాన్ లెనన్ గొంతు ఏ భాషో అర్థం కాకుండా వినిపిస్తుంది. టేపును వెనక్కి తిప్పి వేశారు మరి.

అదే బీటిల్స్ 1968లో ఇచ్చిన 'లేడీ మడోనా' రికార్డు తిరగేస్తే బొంబాయి వినిపిస్తుంది. 'వండర్‌వాల్' అనే సినిమా సంగీతం కోసం ఆ జనవరిలో బొంబాయి వచ్చిన జార్జ్ హారిసన్, అక్కడి హెచ్‌ఎంవీ స్టూడియోలో మన వాయిద్యకారులతో ఒక పాటకు సంగీతం కూడా రికార్డు చేసుకుని వెళ్లాడు. చైనా గ్రంథం తావో తె చింగ్‌లోని భావానికి పాట కట్టి లండన్‌లో పాడాడు. అదే 'ది ఇన్నర్ లైట్'. అందులో గిటారూ లేదు, డ్రమ్సూ లేవు. బీటిల్స్ సింగిల్ మీద హారిసన్ రాసిన పాట ఎక్కడం అదే మొదటిసారి, అదీ రెండో వైపు.

రెండు పాటలూ సమాన స్థాయివైతే ఏం చేయాలి? 1965 డిసెంబరులో 'డే ట్రిప్పర్', 'వి కెన్ వర్క్ ఇట్ అవుట్' రెండింటినీ ఏ సైడులుగానే ప్రకటించి బీటిల్స్ ఈ తగువు తీర్చుకున్నారు. అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక మాత్రం చాలాకాలం రెండు వైపులకూ విడివిడిగా ర్యాంకులిచ్చింది. 1969 నవంబరులో ఆ పద్ధతి మార్చి ఒకే లెక్కగా కలపగానే 'కమ్ టుగెదర్', 'సమ్‌థింగ్' ఉన్న రికార్డు నేరుగా అగ్రస్థానానికి ఎగబాకింది.

మన దగ్గర బి సైడు అనే మాటకు ఇంత బరువు లేదు. సినిమా పాటల రికార్డుకు ఒకవైపు ఒక పాట, తిరగేస్తే అదే సినిమాలోని మరో పాట. రెండింటినీ జనం తెరమీద చూసే వచ్చారు కాబట్టి పెద్ద పాట, చిన్న పాట అన్న తేడా కంపెనీ చేతిలో లేదు. ఇక ఘంటసాల 'పుష్పవిలాపం' లాంటివాటికి ఒక వైపు చాలక పద్యాలు రెండో వైపుకు సాగేవి. పువ్వుల మొర పూర్తిగా వినాలంటే శ్రోత లేచి వెళ్లి ప్లేటు తిరగేయాల్సిందే.

క్యాసెట్ దాకా తిరగేయడం బతికే ఉంది. సీడీకి రెండో వైపు లేదు. అయినా మాట మాత్రం పోలేదు. సీడీ సింగిల్‌లో అదనంగా ఇచ్చిన పాటలనూ బి సైడులనే అన్నారు. అలాంటివన్నీ పోగేసి ఒయాసిస్ బృందం 1998లో 'ద మాస్టర్‌ప్లాన్' పేరుతో ఒక ఆల్బమే తెచ్చింది. ఫోన్‌లో పాట వినే కాలం వచ్చాక తిరగేయడానికి వస్తువే లేకుండా పోయింది.

పాటలు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇక్కడ పేర్లు చెప్పినవి దాదాపు అన్నీ ఫోన్‌లో వెతికితే దొరుకుతాయి. వీలున్నప్పుడు ఒక పని చేయండి. గెలిచిన పాటలు ఎలాగూ తెలిసినవే, ముందు ఓడిన ఏ సైడులు వినండి. 'థర్టీన్ విమెన్' విని 'రాక్ అరౌండ్ ద క్లాక్', 'సబ్‌స్టిట్యూట్' విని 'ఐ విల్ సర్వైవ్' వేసుకోండి. ఆనాడు కంపెనీ గదిలో మీరే ఉంటే ఏ అక్షరం ఏ వైపు అచ్చేసేవారో మీకే తెలుస్తుంది.