గొంతువాపు వ్యాధి - తొలకరికి ముందే టీకా

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజనులో 2022వ సంవత్సరమున మండలముగ ఏర్పడిన డోంగ్లి, మహారాష్ట్ర సరిహద్దునకు చేరువనున్న వ్యవసాయ ప్రాంతము. ఇట్టి గ్రామములలో పాడిగేదె రైతు కుటుంబమునకు నిత్యాదాయము. ఆ ఆదాయమును ఒక్క దినములో హరింపగల వ్యాధి గొంతువాపు. దీనినే గురక వ్యాధి యనియు అందురు.

గుర్రపు పిల్లలకు గొంతు గ్రంథులు వాచి చీముపట్టు వ్యాధియొకటి కలదు. గడ్డ పగిలి చీము పోయిన పిదప వానిలో అధికభాగము కోలుకొనును. గేదెదూడల గొంతువాపు అట్టిది కాదు. ఇది వైద్యునకు వ్యవధి నీయదు.

పాస్టురెల్లా అను సూక్ష్మజీవి దీనికి కారణము. ఆరోగ్యముగ కన్పించు కొన్ని పశువుల గొంతులో ఇది దాగియుండును. తడి, మేత కొరత, అధిక శ్రమలచే పశువు నీరసించినపుడు విజృంభించును. చొంగ పడిన మేత, నీరు ద్వారా ఇతర పశువులకు ప్రాకును. ఎద్దులు, ఆవులకన్న గేదెలకును, వానిలో ఆరు నెలలు మొదలు రెండేండ్లలోపు దూడలకును అపాయము హెచ్చు.

మొదట తీవ్రజ్వరము వచ్చి పశువు మేత మానును. నోట చొంగ కారును. గొంతు క్రింద వేడిగ, నొప్పిగ వాపు లేచి రొమ్ము వరకు దిగును. ఊపిరాడక గురక పెట్టును. అటుపిమ్మట ఒక దినములోపలనే ప్రాణము పోవచ్చును. కావున జ్వరము కన్పించినపుడే పశువైద్యుని పిలువవలెను. మింగలేని పశువునకు గొట్టముతో మందు పోయరాదు. అది ఊపిరితిత్తులలో చేరును.

టీకాయే నిజమైన రక్షణ. దాని బలము కలుగుటకు రెండు, మూడు వారములు పట్టును గనుక, ఏటేట మే మాసముననే ఆరు నెలలు నిండిన ప్రతి పశువునకు వేయించవలెను.

పంచాయతీ సభ్యుల బాధ్యత ఇచ్చట ముఖ్యము. 2009వ సంవత్సరపు పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము ప్రకారము, యజమాని ఇట్టి వ్యాధిని గ్రామాధికారికిగాని పంచాయతీకిగాని తెలుపవలెను. అచ్చటినుండి ఆ వార్త పశువైద్యునకు చేరవలెను. సభ్యులు తమ వార్డులోని పశువుల పట్టిక వ్రాసికొని, టీకా పడనివానిని గుర్తింపవలెను. రోగపు పశువును వేరుగ కట్టించి, ఉమ్మడి నీళ్లతొట్టికి రానీయరాదు. చనిపోయినదానిని వాగులో వేయక, లోతుగ త్రవ్వి సున్నము చల్లి పూడ్పించవలెను. సంతలో కొన్న పశువును కొన్నాళ్లు విడిగ నుంచవలెను.

ఒక ఇంటి దూడకు టీకా తప్పిన, ఆ నష్టము ఆ ఇంటితోనే ఆగదు. తొలి చినుకు పడకముందే పట్టిక పూర్తియైన గ్రామమునకు ఈ భయము చాలవరకు తొలగును.